ఆ తొంభై నాలుగు

చలికాలంలో నంద్యాల కాస్త ఆలస్యంగా నిద్ర లేస్తుంది. పాలవాళ్లు, పేపర్లు వేసే కుర్రాళ్లు, మహానంది బస్సు కోసం నిలబడ్డ భక్తులు తప్ప రోడ్డు మీద పెద్దగా ఎవరూ కనబడరు. ఆ వేళలో ఒక మోటారు సైకిలు వెళ్తుంటుంది. తలకు మఫ్లరు చుట్టుకున్న తండ్రి ముందు, పన్నెండేళ్ల కొడుకు వెనక, ఇద్దరి మధ్య నిలువుగా ఇరుక్కున్న కిట్ బ్యాగు. బండి గతుకులో పడ్డప్పుడల్లా పిల్లవాడి చెయ్యి బ్యాగు మీదికి వెళ్తుంది, ఎక్కడ జారిపోతుందోనని.

మైదానం దగ్గర దింపేసి తండ్రి వెళ్లిపోడు. పిల్లవాడు ప్యాడ్లు కట్టుకుంటుంటే వెనక పట్టీ బిగించి, వెళ్లి మెట్ల మీద కూర్చుంటాడు. బంతి బ్యాటు మధ్యలో తగిలితే వచ్చే చప్పుడు వేరు, అంచుకు తగిలితే వచ్చేది వేరు. కొన్నాళ్లకు ఆ తేడా ఆయనకు చూడకుండానే తెలిసిపోతుంది. ఫోన్లో ఏదో చదువుకుంటూనే మంచి చప్పుడు వినబడితే తల ఊపుతాడు. ఏడున్నరకల్లా మళ్లీ బండి. బ్యాగు అడుగున మడత పెట్టిన స్కూలు యూనిఫాం, దాని పక్కన అమ్మ కట్టిచ్చిన ఉగ్గాని డబ్బా.

ఇలాంటి బండి ప్రతి ఊళ్లో ఒకటైనా ఉంటుంది. ఆళ్లగడ్డలో అయితే దాని దారి ఇంకాస్త పొడుగు. ఆ ఊరికి రైలు లేదు. మంచి నెట్స్ కావాలంటే నలభై కిలోమీటర్లు ఇటు నంద్యాల రావాలి, లేదా అంతకంటే దూరం అటు కడప పోవాలి. సెలక్షన్లంటే పిల్లల నోట ఇప్పటికీ వచ్చే మాట కర్నూలే. పొద్దున్నే అక్కడ ఉండాలంటే ఆ ఇంట్లో తెల్లవారుజాము కాకముందే లైటు వెలగాలి. బస్సులో పిల్లవాడు తండ్రి భుజం మీద వాలి నిద్రపోతాడు. తండ్రి మాత్రం నిద్రపోడు. పైన పెట్టిన బ్యాగు మీద ఒక కన్ను ఉంచాలి కదా.

అన్ని ఏర్పాట్లూ లేని పిల్లలూ ఆడతారు. ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల దగ్గర రాళ్ల మధ్య నాలుగడుగుల ఖాళీ దొరికితే చాలు, సాయంత్రానికి అక్కడ వికెట్లు లేచి నిలబడతాయి. సగం చెక్కిన నంది ఉంటే అదే వికెట్ కీపర్. బంతి దానికి తగిలి ఆగిపోతే పరుగు లేదు.

మా చిన్నప్పుడు వరి కోతలు అయ్యాక పొలాలే మైదానాలు. కేసీ కాలువ కింద నల్లరేగడి నేల ఎండకు నెర్రెలిచ్చేది. బంతి నెర్రె మీద పడితే ఎటు తిరుగుతుందో వేసినవాడికే తెలియదు. వడ్రంగిని బతిమాలి చెక్కించుకున్న బ్యాటు గట్టి దెబ్బ కొట్టినప్పుడల్లా చేతులు జివ్వుమనిపించేది. మడి గట్టు దాటితే నాలుగు, కాలువలో పడితే అవుట్. కాలువలో పడిన బంతి కోసం కొట్టినవాడే దిగాలి. ఆ నిబంధన ఎవరు పెట్టారో గానీ చాలా న్యాయమైనది.

ఆ గుంపులో ఎప్పుడూ ఒకడుండేవాడు. అందరికీ ఎటు తిరుగుతుందో తెలియని బంతి వాడికి తెలిసేది. వాడు కొడితే చప్పుడు వేరుగా వచ్చేది. పొలం గట్టున నిలబడి చూస్తున్న పెద్దాయన ఎవరో ఒకరు, "వీడు ఇండియాకు ఆడతాడు సూడు" అనేవారు. ఆ మాట సాయంత్రానికి టీ అంగడి చేరేది, మరుసటి రోజుకు ఊరంతా పాకేది. ఇంట్లో వాళ్లమ్మకు కూడా తెలిసేది. ఆమె నవ్వి ఊరుకునేది గానీ, ఆ రాత్రి అన్నంలో నెయ్యి ఒక చుక్క ఎక్కువ పడేది.

వాళ్లలో చాలామంది ఇండియాకు ఆడలేదు. ఒకరు ఎరువుల కొట్టు పెట్టుకున్నారు, ఒకరు బడిపంతులయ్యారు, ఇంకొకరు ఇప్పటికీ వ్యవసాయమే. సంక్రాంతికి ఊళ్లో టోర్నమెంటు పెడితే మాత్రం వచ్చి గట్టు మీద నిలబడతారు. బంతి దొర్లుకుంటూ వచ్చి కాళ్ల దగ్గర ఆగితే లుంగీ ఎగ్గట్టుకుని తీసి విసురుతారు. అది గాల్లో ఎక్కడా ఎత్తుకు లేవకుండా నేరుగా వచ్చి ఒక్క స్టెప్పు పడి కీపరు చేతిలో వాలుతుంది. ఆడుతున్న కుర్రాళ్లు ఒక్క క్షణం ఆగి ఆయన వైపు చూస్తారు. ఎవరో తెలియదు వాళ్లకు. ఆ విసురు మాత్రం తెలుస్తుంది.

నంద్యాల స్టేషన్లో రైలెక్కితే గాజులపల్లె దాటాక నల్లమల అడవి మొదలవుతుంది. దిగువమెట్ట, గిద్దలూరు, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట దాటుకుంటూ గుంటూరు చేరతాం. అవే పట్టాలు. ఆ చివర 2004 సెప్టెంబరు 24న పుట్టిన షేక్ రషీద్‌ను మనవాడు అనుకోవడానికి అంతకుమించి చుట్టరికం అక్కర్లేదు.

రషీద్ తొలి రోజుల కథలోనూ ఒక తండ్రి, ఒక బండి ఉన్నాయి. మంగళగిరిలో ఆంధ్ర క్రికెట్ సంఘం అకాడమీ ఉంది. గుంటూరు నుంచి దగ్గరే గానీ, రోజూ పొద్దున తీసుకెళ్లి తీసుకురావాలంటే దగ్గర కూడా దూరమే అవుతుంది. పిల్లవాడి వెంట తిరగడంలో ఆ తండ్రి ఉద్యోగం పోగొట్టుకున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. తోలు బంతులు ఖరీదు కాబట్టి సింథటిక్ బంతులు కొని, ఆయనే త్రోడౌన్లు వేసేవారట.

త్రోడౌన్లు వేయడం చూసినవాళ్లకు అందులో ఎంత చాకిరీ ఉందో తెలుసు. బౌలర్ పరుగెత్తుకొచ్చి వేస్తాడు, ఆరు బంతులయ్యాక విశ్రాంతి. త్రోడౌన్లు వేసేవాడు సగం పిచ్ దూరంలో నిలబడి ఒక చోటే, ఒకే ఎత్తులో, చెయ్యి నొప్పి పుట్టేదాకా విసురుతూనే ఉండాలి. తర్వాత చెల్లాచెదురుగా పడ్డ బంతుల్ని వంగి ఏరుకోవాలి. మళ్లీ మొదలు. కొట్టేవాడికి పేరొస్తుంది. విసిరేవాడికి భుజం నొప్పి మిగులుతుంది. అయినా ఏ తండ్రినైనా అడిగి చూడండి, ఆ గంట తన రోజులో అన్నిటికంటే బాగుంటుందని చెబుతాడు.

ఆ విసిరిన బంతుల ఫలం 2018-19లో కనబడింది. పదహారేళ్లలోపు పిల్లల విజయ్ మర్చంట్ ట్రోఫీలో రషీద్ 674 పరుగులు చేశాడు. దానికి ముందు ఏడాదే అదే టోర్నీలో విశాఖ పిల్లవాడు నితీశ్ కుమార్ రెడ్డి 1237 పరుగులు చేశాడు, అందులో నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. రెండేళ్లు వరసగా ఆంధ్ర పిల్లలు ఇలా ఆడుతుంటే, ఆ స్కోర్లు పేపర్లో ఏ మూలో చిన్న అక్షరాల్లో వచ్చాయి. వెతుక్కుని చదివినవాళ్లం కొద్దిమందిమి. ఆ చిన్న అక్షరాలను కత్తిరించి దాచుకున్న ఇళ్లు రెండు మాత్రం తప్పకుండా ఉండి ఉంటాయి.

2021 డిసెంబరులో అండర్-19 ఆసియా కప్. సెమీ ఫైనల్లో బంగ్లాదేశ్ మీద రషీద్ 90 నాటౌట్. మరుసటి రోజే ఫైనల్, శ్రీలంక మీద 31 నాటౌట్, కప్పు మనది. వారాల వ్యవధిలో వెస్టిండీస్‌లో ప్రపంచకప్. యశ్ ధుల్ కెప్టెన్, రషీద్ వైస్ కెప్టెన్. మొదటి మ్యాచ్ అయ్యాక కరోనా జట్టులోకి దూరింది. కెప్టెన్, వైస్ కెప్టెన్ ఇద్దరూ గదులకు పరిమితమయ్యారు. ఐర్లాండ్‌తో ఆడే రోజు పదకొండు మందిని నిలబెట్టడమే గగనమైంది.

పదిహేడేళ్ల పిల్లవాడు సముద్రాలు దాటి వెళ్లి, జీవితంలో అతి పెద్ద టోర్నీలో, హోటల్ గదిలో తలుపు వేసుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించడం కష్టమేమీ కాదు. ఆ కరోనా రెండేళ్లలో మనమందరం ఏదో ఒక గదిలో అలా కూర్చున్నవాళ్లమే. గుంటూరులో అమ్మానాన్నలకు ఆ రోజులు ఎలా గడిచాయో మాత్రం ఊహించాలంటే మనసొప్పదు.

రషీద్ రెండు మ్యాచ్‌లకు దూరమై క్వార్టర్ ఫైనల్‌కు తిరిగొచ్చాడు. తర్వాత 2022 ఫిబ్రవరి 2. ఆంటిగ్వాలో ఆస్ట్రేలియాతో సెమీ ఫైనల్. అక్కడ పొద్దున, మనకు దీపాలు పెట్టే వేళ. ఓపెనర్లిద్దరూ వెళ్లిపోయి స్కోరు 37. అప్పుడు ధుల్, రషీద్ కలిశారు.

ఆ భాగస్వామ్యం మొదటి గంట చూసినవాళ్లు ఎవరూ కేకలు వేసి ఉండరు. వాళ్లిద్దరూ ఏమీ చేయలేదు. అంటే, అవుట్ కాలేదు. ఒకటి, రెండు, వదిలెయ్యడం, మళ్లీ ఒకటి. రషీద్ ఆట చూడటానికి గొప్ప నింపాదిగా ఉంటుంది. బంతి వచ్చేదాకా ఆగుతాడు. ముందే తొందరపడి చెయ్యి చాచడు. పెద్దవాళ్లకు కూడా కష్టమైన ఆ నిగ్రహం మీసాలు సరిగా రాని వయసులో ఎలా పట్టుబడిందో! పోనుపోను పరుగుల వేగం పెరిగింది. ఇద్దరూ కలిసి 204 పరుగులు జోడించారు. ధుల్ వంద దాటాడు. రషీద్ 94.

46వ ఓవర్లో రషీద్ నేరుగా ఒక డ్రైవ్ కొట్టాడు. మంచి దెబ్బే. అది బౌలర్‌ను తాకి అవతలి వికెట్లకు తగిలింది. పరుగు కోసం క్రీజు బయటికి వచ్చేసిన ధుల్ రనౌట్. 110 పరుగుల దగ్గర కెప్టెన్ వెళ్లిపోయాడు, అదీ రషీద్ బ్యాటు నుంచి వెళ్లిన బంతికి. ఆ మరుసటి బంతికే రషీద్ కూడా షాట్ ఆడబోయి క్యాచ్ ఇచ్చేశాడు. వందకు ఆరు తక్కువ.

ఆ రెండు బంతుల మధ్య ఏం జరిగి ఉంటుందా అని ఇప్పటికీ ఆలోచన వస్తుంది. గంటల తరబడి ఎదురుగా నిలబడ్డ స్నేహితుడు, తప్పేమీ లేకుండా తల దించుకుని వెళ్తున్నాడు. క్రికెట్ రాని వాళ్లకు కూడా ఆ పిల్లవాడి మనసు అర్థమవుతుంది. కావాలని చేయలేదని అందరికీ తెలిసినా మనకు మాత్రం గుండెలో కలుక్కుమనే సందర్భాలు ఉంటాయి. ఇదంతా నేను ఊహించుకున్నదే కావచ్చు. ఆ బంతి ఉత్తినే సరిగా బ్యాటు మీదికి రాలేదేమో కూడా.

మన జట్టు 290 చేసి 96 పరుగులతో గెలిచింది. మూడు రోజుల తర్వాత ఫైనల్. ఇంగ్లండ్ 189కి ఆలౌటైంది. మన ఛేజింగ్‌లో రెండో బంతికే వికెట్ పడింది. మళ్లీ రషీద్ దిగాడు, మళ్లీ నింపాదిగానే 84 బంతుల్లో 50. యాభై కాగానే అవుటయ్యాడు. కప్పు వచ్చింది. టోర్నీ మొత్తం మీద అతను ఆడింది నాలుగు మ్యాచ్‌లు, చేసింది 201 పరుగులు.

ఆ వారం గుంటూరు సంగతి చెప్పక్కర్లేదు, ఇక్కడ నంద్యాలలో కూడా టీ అంగళ్ల దగ్గర అతని పేరే. అందరి నోటా ఒకటే మాట: ఇంకేం, ఐపీఎల్, తర్వాత ఇండియా. ప్రేమగా అన్న మాటే అది. పక్క జిల్లాల పిల్లవాడు గెలిస్తే మనింట్లో పండగ అనుకునే మనసులోంచి వచ్చిన మాట.

అయితే ఎందుకో, ఆ ఉత్సాహంలో ఆ 94ను మనం సరిగా చూడలేదేమో అనిపిస్తుంది. దాన్ని రాబోయేదానికి బయానాగా లెక్కేసుకున్నాం. బయానా ఇచ్చాడు, మిగతా సొమ్ము ఎప్పుడిస్తాడా అని ఎదురు చూడటం మొదలుపెట్టాం. పిల్లలు ఏదైనా బాగా చేసినప్పుడల్లా మనకు ఇది అలవాటే. పదో తరగతిలో మంచి మార్కులొస్తే అవి ఇంటర్‌కు బయానా. పాటల పోటీలో బహుమతి వస్తే అది సినిమా పాటకు. పిల్లవాడి చేతిలో ఉన్నది చూసి మురిసిపోతూనే కళ్లు అప్పుడే దాని వెనకకు వెళ్లిపోతాయి. నా కళ్లూ అలాగే వెళ్లాయి.

ఆ ఫిబ్రవరి సాయంత్రం ఆ 94కు తక్కువ పడిందేమీ లేదు, వందకు ఆరు తప్ప. ఒక పిల్లవాడు, వాళ్ల నాన్న, బోలెడు సింథటిక్ బంతులు, మంగళగిరి రోడ్డు, అన్నీ కలిసి అక్కడికి చేరాయి. ఆ తర్వాత ఏం జరిగినా, జరగకపోయినా అది జరిగింది.

తర్వాత జరిగినవి నెమ్మదిగానే జరిగాయి. ప్రపంచకప్ గెలిచిన వారానికే ఐపీఎల్ వేలం. వేలానికి రావాలంటే పందొమ్మిదేళ్లయినా నిండి ఉండాలి, లేదా రాష్ట్రం తరఫున పెద్దల మ్యాచ్ ఒకటైనా ఆడి ఉండాలి. రషీద్‌కు రెండూ లేవు. తోటివాళ్లు కొందరికి లక్షలు, కోట్లు పలుకుతుంటే అతను టీవీలో చూడాల్సిన వాళ్లలో ఒకడయ్యాడు. ఆ ఏడాది డిసెంబరు వేలంలో చెన్నై జట్టు 20 లక్షలకు తీసుకుంది. 2023 సీజన్ అంతా బెంచీ మీదే. 2024 కూడా అంతే. పసుపు చొక్కా వేసుకుని, నీళ్ల సీసాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చి వెళ్లే పిల్లవాణ్ని కెమెరా ఒకటి రెండు సెకన్లు చూపించేది. "అదిగో మనవాడు" అనేలోపే పక్కకు తిరిగిపోయేది.

బెంచీ మీద గడిపిన కాలం లెక్కల్లోకి రాదు. స్కోరు పుస్తకంలో దానికి గడి లేదు. అయినా ఆ రెండేళ్లూ నెట్స్ ఉంటాయి, పొద్దున్నే లేవడం ఉంటుంది, ఈసారైనా పేరుందా అని ఇంటి నుంచి ఫోన్ ఉంటుంది. లేదని చెప్పడం పిల్లలకు ఎంత కష్టమో, విని "ఫర్వాలేదులే నాన్నా" అనడం పెద్దవాళ్లకు అంత కష్టం.

2024 నవంబరులో రంజీ ట్రోఫీ. హైదరాబాద్ ఉప్పల్‌లో ఆంధ్ర, హైదరాబాద్ జట్ల మ్యాచ్. ఆంధ్ర తరఫున రషీద్ 203 పరుగులు చేశాడు.

ఆ స్కోరు చూడగానే పాతవాళ్లకు ఇంకో పిల్లవాడు గుర్తొచ్చి ఉంటాడు. అంబటి రాయుడిదీ గుంటూరే, పుట్టింది 1985 సెప్టెంబరు 23న. రషీద్ కంటే పందొమ్మిదేళ్ల ఒక రోజు పెద్ద. 2002లో అండర్-19 జట్టుతో ఇంగ్లండ్ వెళ్లి అక్కడ 177 నాటౌట్ కొట్టాడు. ఆ చలికాలమే రంజీలో ఒకే మ్యాచ్‌లో 210, 159 నాటౌట్. అప్పటికి పదిహేడేళ్లు. ఆ మ్యాచ్ కూడా ఈ రెండు జట్ల మధ్యే. కాకపోతే గుంటూరులో పుట్టిన రాయుడు అప్పుడు హైదరాబాద్ తరఫున ఆంధ్ర మీద ఆడాడు. ఇరవై రెండేళ్లకు గుంటూరు నుంచే వచ్చిన ఇంకొకడు, ఈసారి ఆంధ్ర తరఫున, హైదరాబాద్ మీద ఆ బాకీ తీర్చినట్టు అనిపించి కాసేపు సంతోషం వేసింది. ఆటలో ఇలాంటి లెక్కలు ఎవరూ రాసిపెట్టుకోరు. చూసేవాళ్లమే మనసులో సరిచూసుకుంటాం.

రాయుడి గురించి అప్పట్లో అనని మాట లేదు. ఇంకో సచిన్ అన్నారు. 2004 అండర్-19 ప్రపంచకప్‌కు కెప్టెన్ కూడా అయ్యాడు. ఆ తర్వాత దారి వంకర్లు తిరిగింది. హైదరాబాద్ నుంచి ఆంధ్రకు, మళ్లీ వెనక్కి. 2007లో ఇండియన్ క్రికెట్ లీగ్‌కు వెళ్లాడు, 2009లో తిరిగొచ్చాడు. 2010లో ముంబై ఇండియన్స్ తీసుకుంది. 2013 జులై 24న హరారేలో భారత్ తరఫున తొలి వన్డే ఆడి 63 నాటౌట్‌గా నిలిచాడు. పదిహేడేళ్లప్పుడు ఇవాళో రేపో అనుకున్నది ఇరవై ఏడేళ్లకు జరిగింది. ఆడిన 55 వన్డేల్లో సగటు 47 దాటింది. ఇది చిన్న జీవితమా? ఇంకో సచిన్ అన్న మాట పక్కన పెట్టి చూస్తే ఎంత నిండుగా కనబడుతుందో.

నితీశ్ కథ మనందరం కళ్లారా చూసిందే. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో చివరి వికెట్‌గా సిరాజ్ అవతల నిలబడి ఉండగా వంద పూర్తి చేసి, బ్యాటును నేలకు ఆనించి దాని మీద హెల్మెట్ పెట్టాడు. గ్యాలరీలో తండ్రి ఏడుస్తున్నారు. కొడుకు ఆట కోసం హిందూస్థాన్ జింక్‌లో ఉద్యోగం వదులుకున్న మనిషి ఆయన. ఆ సెంచరీని టీవీలు వందసార్లు చూపించాయి. చాలామందికి గుర్తున్నది ఆ షాట్ కంటే ఆ తండ్రి ముఖమే. ఎందుకంటే అలాంటి ముఖం మనకు తెలుసు. మన వీధిలో చూశాం.

రషీద్‌కు ఐపీఎల్‌లో తొలి అవకాశం 2025 ఏప్రిల్ 14న లక్నోలో వచ్చింది. ఓపెనర్‌గా దిగి 19 బంతుల్లో 27 చేశాడు, ఆరు ఫోర్లు. ఒక్క సిక్సర్ లేదు, ఒక్క పిచ్చి ఊపు లేదు. బ్యాటు ముఖం నేరుగా వచ్చి బంతిని పలకరించినట్టుగా కవర్ల మధ్య నుంచి పోయిన ఫోర్లు ఇరవై ఓవర్ల ఆటలో అరుదు. మూడేళ్లు ఎదురు చూసిన పిల్లవాడు ఆ తొందర ఎక్కడా చూపించలేదు. వాంఖడేలో 19. తర్వాత చెపాక్‌లో హైదరాబాద్‌తో మ్యాచ్. ఇన్నింగ్స్ మొదటి బంతి. షమీ వేశాడు, రషీద్ బ్యాటు అంచుకు తగిలింది, స్లిప్‌లో క్యాచ్. సున్నా.

ఆ రాత్రి ఇక్కడ చాలా ఇళ్లలో ఒక చిత్రమైన ఇబ్బంది. హైదరాబాద్ గెలవాలి, మన రషీద్ కూడా బాగా ఆడాలి. మొదటి బంతికే ఆ రెండు కోరికలూ ఒకదానికొకటి తగిలాయి. వికెట్ పడిందని చప్పట్లు కొట్టబోయిన చేతులు మధ్యలో ఆగిపోయాయి. ఎవరి గెలుపు కోరుకోవాలో తెలియని ఆ క్షణం నాకెందుకో నచ్చింది. ఒక పిల్లవాడి మీద అభిమానం జట్టు మీద అభిమానాన్ని కాసేపైనా ఆపింది కదా.

మా వైపు నుంచి దేశానికి ఆడినవాళ్లంటే ఇప్పుడు ముందు గుర్తొచ్చేది ఇద్దరు అమ్మాయిలు. ఆదోని అంజలి శర్వాణి 2022 డిసెంబరులో ఆస్ట్రేలియా మీద తొలి మ్యాచ్ ఆడింది. కడప జిల్లా శ్రీచరణి 2025 నవంబరు 2న ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. ఇద్దరూ ఎడమచేతి బౌలర్లే. ఆ గెలుపు తర్వాత పొద్దుటి బండ్ల మీద మధ్యలో కిట్ బ్యాగు, వెనక రెండు జడలు కూడా కనబడటం మొదలైంది. చూడ ముచ్చటగా ఉంది. ఆ అమ్మాయిల్లో బ్యాటు పట్టుకునేవాళ్లూ ఉన్నారు.

ఈ పిల్లల్లో ఎంతమంది పేర్లు ప్రాబబుల్స్ జాబితా దాకా వెళ్తాయో, ఎంతమందికి ఇంటర్ చదువుతో కిట్ బ్యాగు అటక ఎక్కుతుందో ఎవరం చెప్పగలం? పదహారు, పదిహేడేళ్లు చాలా ఇరుకైన వయసు. ఆట, చదువు, ఇంటి ఖర్చులు, ఎదిగే ఒళ్లు, అన్నీ అక్కడే వచ్చి తగులుకుంటాయి. ఆ ఇరుకులోంచి రషీద్ దాటాడు, నితీశ్ దాటాడు. దాటని వాళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్ల నాన్నలు కూడా అంతే పొద్దున్నే లేచారు, అంతే ఓపికగా బంతులు విసిరారు.

ఆ పొద్దుళ్లు వాళ్లకు వృథా అయ్యాయని అనుకోబుద్ధి కాదు. ఒక కొడుకుతో ఒక తండ్రి రోజూ రెండు గంటలు మాట్లాడకుండా గడపగల చోటు లోకంలో ఎన్ని ఉంటాయి? "మోచెయ్యి పైకి", "తల కదిలించొద్దు" అన్న రెండు మాటలతోనే వాళ్లకు ఏళ్లు గడిచిపోతాయి. పెద్దయ్యాక ఆ కొడుకు ఎక్కడో బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ ఫోన్ చేస్తే, కుశల ప్రశ్నలు అయిపోయాక వాళ్లిద్దరికీ ఇంకా మాట్లాడుకోవడానికి ఏదో ఉంటుంది. నిన్న రాత్రి మ్యాచ్ చూశావా అని ఒకరు మొదలుపెడతారు. ఫోన్ పెట్టేసేసరికి అరగంట దాటుతుంది.

మైదానం నుంచి వస్తున్న పిల్లల్ని ఆపి మనం అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఎంత కొట్టావు? ఈమధ్య ఒక పిల్లవాణ్ని కొంచెం మార్చి, ఇవాళ ఏ షాట్ బాగా తగిలిందని అడిగాను. బ్యాగు కింద పెట్టి, రోడ్డు మీదే కాలు ముందుకు వేసి, ఖాళీ చేతులతో చూపించాడు. బంతి ఎక్కడ పడింది, ఎటు వంగింది, ఎవరు వేశారు, అన్నీ చెప్పాడు. స్కోరు చెప్పలేదు, నేనూ అడగలేదు. వాళ్ల నాన్న బండి స్టార్ట్ చేసి ఉంచి నవ్వుతూ నిలబడ్డాడు. "సార్, స్కూలు టైమయింది" అని ఆయనే గుర్తుచేశాడు.

రషీద్‌కు 2025 సెప్టెంబరుతో 21 నిండాయి. రాయుడు హరారేలో తొలి వన్డే ఆడిన వయసు రావాలంటే ఇంకా ఆరేళ్లు. అంటే ఆరు రంజీ సీజన్లు, కొన్ని ఐపీఎల్‌లు, కొన్ని సున్నాలు, ఉప్పల్‌లో ఆడినట్టు ఇంకొన్ని పొడుగాటి పగళ్లు. అవి ఎక్కడికి తీసుకెళ్తాయన్నది అతని సంగతి. రంజీ స్కోర్లు పేపర్లో ఇప్పటికీ చిన్న అక్షరాల్లోనే వస్తాయి. ఆంధ్ర ఇన్నింగ్స్ ఎక్కడుందో చూసి, అందులో అతని పేరు ఎదురుగా అంకె ఎంతుందో చదవడం మాలో కొందరికి అలవాటైపోయింది. తక్కువుంటే పేజీ తిప్పేస్తాం. ఎక్కువుంటే పక్కన ఎవరుంటే వాళ్లకు చెబుతాం.